మూగప్రాణికి పారణ

శ్రీవారి బ్రహ్మోత్సవములలో ఎనిమిదవ నాటి రాత్రి అశ్వవాహనసేవ జరుగును. ఉదయమున రథమును లాగి అలసిన భక్తులు సైతము ఆ రాత్రి తిరుమాడవీథులలో వేచియుండి, కల్కిరూపమున అశ్వము నధిరోహించి వచ్చు స్వామిని దర్శించి ధన్యులగుదురు. వాహనమునకు ముందు అలంకరింపబడిన గజములును తురగములును నడచుట మన మెఱిగినదే.

గుఱ్ఱమునకు మన సంప్రదాయమున లభించిన గౌరవము సామాన్యమైనది కాదు. అపహరింపబడిన వేదములను మరల తెచ్చుటకు భగవానుడు హయముఖుడై అవతరించెను. శ్రీమద్వేదాంతదేశికులు తిరువహీంద్రపురమున ఔషధగిరిపై తపస్సు చేసి, గరుత్మంతుని వలన హయగ్రీవమంత్రమును పొంది, ఆ స్వామిని ఉపాసించిరి. చదువుకొను పిల్లవాడు తొలుత తలచు దైవములలో హయవదను డొకడు. ఇంతటి గౌరవము కలిగియుండియు, శిల్పి మలచిన గుఱ్ఱమునకు హారతి పట్టు మన చేతులు, వీథి చివర ఎముకలు తేలి నిలిచిన ప్రాణమున్న గుఱ్ఱమునకు ఏమి చేయుచున్నవి? భక్తమహాశయులారా! ఈ ప్రశ్నను ఇతరులపై వేయుటకు ముందు, నేను చేసిన యొక అపరాధమును మీకు విన్నవించుకొనవలసియున్నది.

అది 1970 దశకము. నాకు పదునాలుగేండ్లు. ఒక వైష్ణవ పాఠశాలలో అమరము ముగించి రఘువంశము చదువుచుంటిని. మా ఊరి రైల్వేస్టేషను వద్ద జట్కాబండ్లు ఇంకను నిలుచుచుండెను గాని, ఆటోరిక్షాల రాకతో వాని బేరములు సన్నగిల్లెను. ఒక జట్కావాడు జబ్బుపడి, తన గుఱ్ఱమును మా పాఠశాల వెనుక వేపచెట్టునకు కట్టి, మంచము పట్టెను. అప్పటికే దానికి చాలిన మేత లేక నెలలు గడచినవి. ప్రక్కటెముకలు దూరము నుండియే లెక్కింపవచ్చును. వెన్నుపూసలు మెట్లవలె లేచియుండెను. తల దించుకొని, గోడకు అంటుకొనిన నాచును నాకుచుండెను.

శ్రావణపూర్ణిమ నాడు హయగ్రీవజయంతి. ఆనాడు మా గురువుగారు శ్రీ వాదిరాజయతీంద్రుల గాథను చెప్పిరి. ఆ మహనీయులు శనగలు, బెల్లము, నేయి చేర్చి వండిన ప్రసాదమును పళ్ళెరమున నుంచి తలపై పెట్టుకొని కూర్చుండగా, హయవదనుడు శ్వేతాశ్వమై వచ్చి, ముందరి కాళ్ళు వారి భుజములపై నుంచి ఆరగించెడివాడట. మాధ్వసంప్రదాయమున నేటికిని ఆ ప్రసాదము ‘హయగ్రీవ’ నామముతోనే ప్రసిద్ధము. ఆ కథ విన్న నా మనస్సు నిలువలేదు. వేపచెట్టు క్రింది గుఱ్ఱమునందు నాకు హయవదనుడే కనిపించెను. వంటశాలలో మిగిలిన శనగగుగ్గిళ్ళను, బెల్లమును, వానికి తోడు నానిన ఉలవలను ఒక తట్టలో నింపుకొని పోయి దాని ముందు పెట్టితిని. అది తల యెత్తకుండ తట్ట యంతయు తినెను. నేను ఆనందబాష్పములతో నిలిచి చూచితిని.

సాయంకాలమునకు అది కాలితో నేలను గోకుచు, మాటిమాటికి తన డొక్కవైపు తల త్రిప్పి చూచుకొనుచుండెను. రాత్రి కూలబడినది. మఱునాడు లేవలేదు. మూడవనాటి తెల్లవారుజామున ప్రాణము విడిచినది. జట్కావాడు కఱ్ఱ ఊతతో వచ్చి, దాని మెడపై చేయి వేసి చాలసేపు కూర్చుండెను. నన్ను చూచి, “మంచి మనసుతోనే పెట్టావులే బాబూ” అనెను. అతడు తిట్టియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ దినమున నేను అన్నము ముట్టలేదు. గురువుగారు నన్ను దగ్గర కూర్చుండబెట్టుకొని యిట్లనిరి: “నాయనా! నీవు పెట్టిన పదార్థము మంచిదే. నీ మనస్సును మంచిదే. ఎవరికి, ఎప్పుడు, ఎంత అను విచారము నీకు లేకపోయినది. ఏకాదశి ఉపవాసమున్నవారు ద్వాదశి నాడు విందు చేయుదురా, పారణ చేయుదురా? ఒక్కనాటి ఉపవాసమునకే మనకు పారణనియమ మున్నది గదా. నెలల తరబడి పస్తున్న ప్రాణికి నీవు విందు పెట్టితివి. పారణ పెట్టలేదు.”

ఈ మాటలోని అర్థము నాకు ఏండ్లు గడచిన కొలది విశదమైనది. మన వైష్ణవగృహములలో ద్వాదశి నాటి పారణకు అవిసియాకు, ఉసిరిక మొదలగు మృదువైన పదార్థములను పెద్దలు విధించిరి. అంబరీషమహారాజు దూర్వాసుని రాకకై వేచియుండి, ద్వాదశి ఘడియలు దాటిపోవుచుండగా, కొంచెము జలముతో పారణ చేసెనని శ్రీభాగవతము తెలుపుచున్నది. ఉపవాసము నుండి ఆహారమునకు మరలుట ఒక సంధికాలము. ఆ సంధిలో తొందరపాటు కూడదు.

నేటి పశువైద్యశాస్త్రము ఈ విషయమును మిక్కిలి స్పష్టముగా చెప్పుచున్నది. మేత దొరకని గుఱ్ఱము తొలుత తన దేహమునందలి కొవ్వును, పిదప తన కండలను కరగించుకొని బ్రదుకును. అట్లు బ్రదుకుచుండగా భాస్వరము, పొటాషియము, మెగ్నీషియము మొదలగు లవణముల నిల్వలు తరిగిపోవును. ఆ స్థితిలో ధాన్యము, బెల్లము వంటి పిండిపదార్థములు, తీపి ఒక్కమారుగా లోనికి పోయినచో ఇన్సులిన్ ఉవ్వెత్తున పెరిగి, రక్తమున మిగిలియున్న ఆ కొద్ది లవణములను జీవకణములలోనికి తోయును. అందుచే గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు విఫలము కావచ్చును. ఆహారము తిరిగి ప్రారంభించిన తొలి పది దినములు ఈ గండము పొంచియుండును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, పస్తులతో కృశించిన బందీలకు ఒక్కసారిగా నిండు భోజనము పెట్టగా, మనుష్యులు సైతము ఇట్లే మరణించిరి.

గుఱ్ఱమునకు మఱియొక చిక్కు కలదు. దాని పొట్ట దేహముతో పోల్చిన మిక్కిలి చిన్నది. అది రోజంతయు కొంచెము కొంచెముగా గడ్డి మేయుటకై సృష్టింపబడిన ప్రాణి. మనవలె వమనము చేసి ఎక్కువైన దానిని వెలికి పంపజాలదు. అలవాటు లేని ధాన్యము రాశిగా పడినచో అది ప్రేవులలో పులిసి, శూలయు, గిట్టలవాపును కలిగించును. నా తట్టలోని గుగ్గిళ్ళు ఏమి చేసెనో ఇప్పుడు మీకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిస్‌లోని పశువైద్యశాస్త్రజ్ఞులు కృశించిన గుఱ్ఱములకు వేర్వేఱు మేతలు పెట్టి పరీక్షించి, లూసర్ను ఎండుగడ్డి శ్రేష్ఠమని నిర్ణయించిరి. అందు పిండిపదార్థము తక్కువ. మాంసకృత్తులు, మెగ్నీషియము మొదలగునవి ఎక్కువ. వారు చెప్పిన క్రమ మిది. తొలి మూడు దినములు నాలుగు గంటల కొకసారి ఇంచుమించు అరకిలో గడ్డి మాత్రమే, దినమునకు ఆఱు పర్యాయములు పెట్టవలెను. నాలుగవనాటి నుండి పదవనాటి వఱకు గడ్డిని మెల్లగా పెంచుచు, పర్యాయములను తగ్గించి ఎనిమిది గంటల కొకసారికి తేవలెను. పది దినముల పిదప అది తిన్నంత గడ్డి పెట్టవచ్చును. దాణా మాత్రము దేహము మామూలు స్థితికి వచ్చువఱకు ముట్టింపరాదు. శుభ్రమైన నీరు ఎల్లవేళల అందుబాటున నుండవలెను. ఇవి పెద్ద గుఱ్ఱములకు చెప్పిన కొలతలు. చిన్నవానికి వైద్యులు తూనికను బట్టి తగ్గింతురు.

ఇది యంతయు పరదేశపు క్రొత్త విద్య యని తలపవలదు. కౌటిలీయ అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని ప్రకరణ మొకటి కలదు. ఈనిన గుఱ్ఱమునకు తొలి మూడు రాత్రులు కొలతతో నేయి, అటుపిమ్మట పది రాత్రులు కొలతతో పేలపిండి, ఔషధములు, ఆ పిదపనే గడ్డియు మామూలు ఆహారమును పెట్టవలెనని అందు విధించిరి. అలసిన దేహమునకు మెట్టుమెట్టుగా ఆహారము నందింపవలెనను సూక్ష్మము వారికి తెలియును. యుద్ధముచేతను, వ్యాధిచేతను, ముసలితనముచేతను, పనిచేతను క్షీణించిన గుఱ్ఱములకు పని చెప్పక, కేవలము తిండి పెట్టి పోషింపవలెనని కూడ ఆ గ్రంథమున గలదు. పని చేయలేని ప్రాణికి తిండి దండుగ యని ఆ రాజనీతిజ్ఞుడు అనలేదు.

ఇంతకంటె గొప్ప ప్రమాణము మనకు మహాభారతమున లభించుచున్నది. కురుక్షేత్రమున పదునాలుగవ దినము. సూర్యాస్తమయములోపల సైంధవుని వధింపనిచో అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుడు ప్రతిజ్ఞ చేసెను. ప్రతి నిమిషము అమూల్యము. అట్టివేళ రథాశ్వములు బాణములు నాటుకొని, దప్పికతో అలసి నిలిచినవి. శ్రీకృష్ణపరమాత్మ వానిని కొరడాతో అదలింపలేదు. యుద్ధమధ్యముననే కాడి విప్పెను. అర్జునుడు నేలపై నిలిచి శత్రువుల నడ్డగించుచు, బాణముతో భూమిని భేదించి కొలను కల్పించెను. స్వామి తన చేతులతో ఒక్కొక్క గుఱ్ఱము దేహము నుండి బాణములను పెఱికి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, స్నానము చేయించి, మేత మేపి, అలసట తీరిన పిదపనే మరల రథమునకు పూన్చెను. తిరువల్లిక్కేణిలో పార్థసారథిని సేవించువారు భీష్ముని బాణముల గుఱుతులను స్వామి తిరుముఖమున దర్శింతురు. తన గాయములను పాటింపని ప్రభువు గుఱ్ఱముల గాయములను తన చేతులతో తుడిచెను. లోకములకు కాలస్వరూపుడైన వాడు, కాలము లేని సమయమున, మూగప్రాణి కొఱకు కాలము నిచ్చెను. కృశించిన గుఱ్ఱమునకు మనము ముందుగా ఈయవలసినది కూడ కాలమే.

ఈ పాఠమును ఆచరణలో పెట్టు అవకాశము నాకు 2020వ సంవత్సరమున కలిగినది. మార్చి మాసాంతమున లాక్‌డౌన్ వచ్చి, పెండ్లిండ్లు, ఊరేగింపులు ఆగిపోయెను. మా వీథి చివర పెండ్లిగుఱ్ఱములు నడుపు సాహెబు కుటుంబ మొకటి కలదు. అతనికి మిగిలినది తెల్లని ఆడుగుఱ్ఱ మొకటి. ఏప్రిలు చివర ఒకనాడు చూతును గదా, అది వేపచెట్టు క్రింది గుఱ్ఱమే మరల నిలిచినట్లుండెను. నేను మందలింపబోవునంతలో సాహెబు కన్నీరు పెట్టుకొని, “స్వామీ, పిల్లలకే గంజి పోస్తున్నా. దానికి ఏం పెట్టను?” అనెను. నా మందలింపు నోటనే యాగిపోయెను. ఎండిన గుఱ్ఱమును చూచిన ప్రతివారు యజమానిని కసాయి యందురు. కొందఱు అట్టివారును ఉందురు. కాని పెక్కుచోట్ల గుఱ్ఱము ఆకలికి వెనుక మనిషి ఆకలి యున్నది.

ప్రభుత్వ పశువైద్యశాలలోని వైద్యురాలు కబురందుకొని వచ్చెను. ఆమె గుఱ్ఱమును కంటితో చూచి ఊరకుండలేదు. మెడ, జబ్బ వెనుక భాగము, ప్రక్కటెముకలు, నడుము, తోక మొదలు అన్నిటిని చేతితో నొక్కి చూచెను. 1983లో అమెరికాలోని టెక్సాస్‌లో హెన్నెకె అను శాస్త్రజ్ఞుడు గుఱ్ఱపు పుష్టికి ఒకటి నుండి తొమ్మిది వఱకు అంకెల నేర్పరచెననియు, అయిదు సమస్థితి యనియు చెప్పి, “ఇది ఒకటికీ రెండుకీ మధ్య ఉంది, ఆచార్యులుగారూ” అనెను. నాకు నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. బాహుకుడు సన్నని గుఱ్ఱములను ఎన్నుకొనగా ఋతుపర్ణుడు శంకించెను. అశ్వహృదయ మెఱిగిన నలునకు స్వభావముచే సన్నని దేహము వేఱు, సత్తువ నశించిన దేహము వేఱు అని తెలియును. తెలిసిన చేయి తాకినప్పుడే నిజము బయటపడును.

గుఱ్ఱము తూనిక సుమారు 300 కిలోలని అంచనా వేసి, పూటకు 300 గ్రాముల లూసర్ను మాత్రమే పెట్టుమని ఆమె చెప్పెను. పొరుగూరి పాడిరైతు ఆ గడ్డి నిచ్చెను. నాలుగు గంటల కొకసారి, దినమునకు ఆఱు మార్లు. మన ఆగమములలోని షట్కాలార్చన నాకు స్ఫురించినది. ఉషఃకాలము మొదలుకొని వేళ తప్పక ఆఱు మార్లు ఆరాధన జరిగినట్లే, నేనును సాహెబు కుమారుడును వంతులవారీగా మేల్కొని గడ్డి తూచి పెట్టితిమి.

పెట్టుట సులభము. పెట్టకుండుట కష్టము. మూడవనాటి రాత్రి ఆ గుఱ్ఱము ఖాళీ బాల్చీని కాలితో తన్ని సకిలించుచుండెను. సాహెబు భార్య వచ్చి, “స్వామీ, అది నా మొహం చూసి అరుస్తోంది. ఇంకో గుప్పెడు వేస్తే ఏమవుతుంది?” అని యేడ్చెను. నలుబది యేండ్లకు పైగా ఎవరికిని చెప్పని వేపచెట్టు కథను ఆ రాత్రి ఆమెకు చెప్పితిని. ఆమె కన్నులు తుడుచుకొని, గుఱ్ఱము మెడ నిమురుచు తెల్లవారువఱకు అచ్చటనే కూర్చుండెను. ఆఱవనాడు వీథిలోని గృహస్థు డొకడు పుణ్యమునకై తట్టెడు నానిన ఉలవలు తెచ్చెను. ఆ తట్టను చూడగనే నా గుండె ఝల్లుమన్నది. చేతులు జోడించి ఆపితిని. వానిని వృథా పోనీయక సాహెబు ఇంట వండించితిమి. పిల్లలు తినిరి.

పదవ దినము గడచినది. వైద్యురాలు పిమ్మట దాని నోరు తెఱచి, మొనలు దేఱి బుగ్గను కోయుచున్న దంతములను ఆకురాయితో అరగదీసెను. నమలలేకపోవుటయు చిక్కిపోవుటకు కారణమని అప్పుడు తెలిసెను. కొంత సత్తువ చిక్కిన పిదపనే కడుపులోని పురుగులకు మందిచ్చెను. పెరిగిన గిట్టలను చెక్కించెను. నేను వారమున కొకసారి దాని ఛాతి చుట్టుకొలతను పంచాంగపు అంచున వ్రాసికొంటిని. అంగుళములు మెల్లగా పెరిగెను. భాద్రపదము నాటికి ఎముకలు కండలో దాగినవి. ఒకనాడు బక్కచిక్కిన దేహము నెలలకు గాని నిండదు. ఆ నెలలలో దానిపై జీను వేయరాదు.

యాత్రికులకు, గృహస్థులకు నేను విన్నవించుకొనునది ఇది. నేపాళమునందలి ముక్తినాథ దివ్యదేశమున రాణీపౌవా నుండి ఆలయమునకును, గౌరీకుండము నుండి కేదారమునకును పెక్కుమంది గుఱ్ఱములపై పోవుచుందురు. 2022లో కేదారయాత్రామార్గమున అనేకాశ్వములు మరణింపగా ఆ విషయము ఉత్తరాఖండ ఉన్నతన్యాయస్థానము వఱకు పోయినది. మన పుణ్యమునకు మఱియొక ప్రాణి ప్రాణము వెల కారాదు. ఎక్కుటకు ముందు ఆ గుఱ్ఱము వీపుపై పుండ్లున్నవా, ఎముకలు తేలినవా, కుంటుచున్నదా చూడుడు. అట్టిదానిని ఎక్కకుడు. మంచిగా పోషించువానికే బాడుగ నిండు. బేరమాడి తగ్గించిన రూపాయలు తుదకు గుఱ్ఱపు మేతలోనే తగ్గునని మఱువకుడు. పెండ్లివారు భోజనముల లెక్కలో గుఱ్ఱపు మేతను, నీటిని కూడ చేర్పవలెను. చిక్కిన గుఱ్ఱము కనబడినచో ప్రసాదమును, మిఠాయిలను పెట్టక, నీ రుంచి, పిడికెడు గడ్డితో ఆపి, పశువైద్యునకు కబురు చేయుడు.

జంతువును తగిన తిండి, నీరు, నీడ లేకుండ ఉంచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. రాజ్యసభలో శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ పూనికతో మొదలైన ప్రయత్నమునకు ఫలమే ఆ చట్టము. అంతకు రెండువేల యేండ్లకు పూర్వమే అశోకచక్రవర్తి మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పఱచితినని చెక్కించిన శాసనము మన కర్నూలు సీమయందలి ఎఱ్ఱగుడిలో నేటికిని ఉన్నది.

ఆ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన వైకుంఠ ఏకాదశి. ఉత్తరద్వారదర్శనము చేసికొని ఉపవాసముంటిని. మఱునాడు తీర్థము పుచ్చుకొని పారణ ముగించి, సాహెబు ఇంటికి పోతిని. వైద్యురాలి అనుమతితో కార్తికము నుండి దానికి కొద్దికొద్దిగా దాణా అలవాటు చేయుచుండిరి. నేను గుప్పెడు నానిన ఉలవలు అరచేతిలో నుంచి చేయి చాచితిని. అది మెత్తని పెదవులతో ఒక్కొక్క గింజను ఏరుకొని తిని, ఖాళీ యైన అరచేతిని నాకి, గడ్డివైపు తిరిగెను. వేపచెట్టు క్రింద నేను పెట్టవలసియుండినది ఆ గుప్పెడే. అదియు ఆనాడు కాదు, ఎన్నో నెలల పిదప.

సర్వభూతాంతర్యామి యగు శ్రీహయవదనుడు మనకు పెట్టు బుద్ధిని, దానితోపాటు పెట్టుట యందలి మాత్రను, ఓర్పును కూడ అనుగ్రహించుగాక!